ప్లగ్గు రంగు

విజయవాడలో బందరు రోడ్డునకు చేరువగా జవహర్ ఆటోనగర్ అను పారిశ్రామిక వాడ కలదు. లారీ మొదలుకొని మోపెడు వరకు ఏ బండికి ఏ జబ్బు చేసినను అచ్చట వైద్యుడు దొరకును. ఒక వీధిలో లారీల కమాను కట్టలు విప్పుచుందురు. మరియొక వీధిలో రేడియేటరులకు మాట్లు వేయుచుందురు. వేరొక చోట బాడీ కట్టువారి సుత్తిదెబ్బలకు చెవులు గింగురుమనును. అంతటి రొదలో, ఒక రేకుల పందిరి క్రింద కూర్చుండి, ఒక వృద్ధ మేస్త్రి మోటారు సైకిలు చప్పుడును విని దాని దోషమును చెప్పుచుండెడివాడు. సైలెన్సరు వెనుక అరచేయి పెట్టి, పొగ తాకిడిని పరీక్షించి, కార్బ్యురేటరు స్క్రూను పావుచుట్టు త్రిప్పి, "ఇక తీసికొనిపొండు" అనుట ఆయన అలవాటు.

ఒకనాటి సాయంకాలము ఆ పందిరి ముందు ఒక ట్రాలీ ఆటో ఆగెను. దానిలో తాళ్లతో కట్టిన బుల్లెటు మోటారు సైకిలొకటి ఉండెను. దానిని తెచ్చిన యువకుడు ఉయ్యూరు చెంత ఒక ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయుడు. బండి ఆతనిది కాదు, ఆతని తండ్రిది. తండ్రి దానిని 1994లో కొనెను. ఆ రోజులలో బుల్లెటు మద్రాసు నగరపు శివారున తిరువొత్తియూరులో తయారగుచుండెను. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున పుట్టిన ఆ బండిని 1955 నుండి మన దేశములోనే చేయసాగిరి. ఇంగ్లండులో ఆ కంపెనీ మూతపడిన తరువాత కూడ మద్రాసులో దాని తయారీ ఆగలేదు. పోతయినుము సిలిండరు, కుడికాలి క్రింద గేరు, దూరమునుండియే పోల్చదగిన చప్పుడు. కొన్న యేడాదియే ఆతని తల్లిదండ్రులు ఆ బండిపై శ్రీశైలము పోయి వచ్చిరి. తండ్రి గతించి మూడేండ్లయినది. కార్తిక మాసములో మరల ఒకసారి అదే బండిపై శ్రీశైలము పోవలెనని తల్లి కోరెను. ఆమె ఏనాడును ఏదియు కోరినది కాదు.

బండి మూడేండ్లు పట్టా క్రింద పడియుండుటచే, అంతకుముందే సిలిండరు అరిగియుండుటచే, మొదటిసారి స్టార్టు చేయగనే నీలిపొగ క్రమ్మెను. యువకుడు దానిని ఒక దుకాణమునకు తీసికొనిపోయెను. సిలిండరు బోరింగు చేయక తప్పదని వారు చెప్పిరి. అది నిజమే. కాని వారు అంతటితో ఆగలేదు. "ఎటులైనను ఇంజను విప్పుచున్నాము గదా, కొంచెము బలము పెంచుకొనరాదా?" అనిరి. ఇద్దరు మనుష్యులతో ఘాట్ రోడ్డు ఎక్కవలసిన బండి గనుక ఆ మాట ఆతని చెవికి ఇంపుగా వినబడెను. కంప్రెషను ఎక్కువగల పిస్టను, ఇరువదినాలుగు మిల్లీమీటర్ల కార్బ్యురేటరు స్థానమున ఇరువదియెనిమిది మిల్లీమీటర్లది, పెట్టెలేని శంఖాకారపు ఎయిర్ ఫిల్టరు, లోపల అడ్డులేని సైలెన్సరు, ఒకదాని వెంట ఒకటిగా బిల్లులోనికి ఎక్కినవి.

లెక్కల మాస్టారు గనుక ఆతడు ఇంటికి వచ్చి లెక్క వేసికొనెను. బుల్లెటు సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణము 90 మిల్లీమీటర్లు. కనుక ఘనపరిమాణము 346 ఘన సెంటీమీటర్లు. బోరింగులో అర మిల్లీమీటరు పెరిగినందున అది 351 అయినది. అయిదు సెంటీమీటర్ల లాభమునకు ఆతడు నవ్వుకొనెను. కాని కార్బ్యురేటరు లెక్క అట్టిది కాదు. వ్యాసము నాలుగు మిల్లీమీటర్లే పెరిగినను, గాలి పోవు ద్వారపు వైశాల్యము మూడవవంతునకు పైగా పెరిగినది. ఈ రెండవ లెక్క వద్ద ఆతడు ఆగి ఆలోచించియుండవలసినది. ఆగలేదు.

"ఇన్ని మార్చితిమి గదా, ట్యూనింగు చేయించవలెనా?" అని మాత్రము ఆతడు దుకాణములో అడిగెను. "స్క్రూ రెండు చుట్లు త్రిప్పితిమి, చాలును" అని వారనిరి. బుల్లెటులను నడపు మిత్రుడొకడు, "ట్యూనింగు పందెపు బండ్లకు, మనకెందుకు?" అనెను. మరియొకడు, "హైదరాబాదు పోయి యంత్రముపై పెట్టించనిదే ఆ బండి ఎక్కకుము" అని భయపెట్టెను. ఉచిత సలహాకు ఏ ఊరిలోను కొదువ లేదు గదా! ముగ్గురి మాటలలోను ఆతనికి చవుకగా కనబడిన దానిని ఆతడు నమ్మెను. మనలో పెక్కుమంది చేయునది అదియే.

కొత్తగా బోరింగు చేసిన ఇంజను గనుక మొదటి వేయి కిలోమీటర్లు నెమ్మదిగా నడిపెను. బండి బాగుగనే నడచెను. ఆక్సిలరేటరు వదలినప్పుడు సైలెన్సరులో టపటపమని చప్పుడు వచ్చుచుండెను. అది బలమునకు గుర్తని ఆతడు సంతోషించెను. పిమ్మట ఒక ఆదివారము తెల్లవారుజామున, శ్రీశైలమునకు ముందు బండి సత్తువ చూడవలెనని, హైదరాబాదు పోవు జాతీయ రహదారిపై బయలుదేరెను. కంచికచర్ల దాటినపిమ్మట రోడ్డు ఖాళీగా ఉండుటచే ఆక్సిలరేటరును పూర్తిగా త్రిప్పి పట్టుకొనెను. రెండు మూడు నిమిషములు గడచెను. ఇంజనులో డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్లు ఒక సన్నని చప్పుడు పుట్టెను. గాలి హోరులో ఆతడు దానిని లెక్కచేయలేదు. అంతలో ఎవరో వెనుకనుండి పట్టి లాగినట్లు బండి బలము జారిపోయెను. వెనుక చక్రము కీచుమని అరచి జారసాగెను.

"బండి నడుపునప్పుడు ఎడమచేతి రెండు వ్రేళ్లు ఎల్లప్పుడు క్లచ్చిపై ఉండవలెను" అని తండ్రి చిన్ననాడు ఆతనికి నేర్పియుండెను. ఆ వ్రేళ్లే ఆతనిని కాపాడినవి. క్లచ్చి నొక్కగనే చక్రము విడివడెను. బండి ఊగుచు రోడ్డు ప్రక్కకు దొర్లిపోయి ఆగెను. వెనుక వచ్చుచున్న లారీ హారను మ్రోగించుచు ప్రక్కనుండి దూసుకొనిపోయెను. ఆతడు మైలురాయిపై కూర్చుండి చాలసేపు లేవలేకపోయెను. వెనుక సీటుపై తల్లి కూర్చుండియుండినచో ఏమయ్యెడిదో అను తలంపు ఆతనిని వదలలేదు.

అర్ధగంటకు ఇంజను చల్లారి, కిక్కు కొట్టగా మరల పలికెను. కాని ఆతడు దానిని నడపలేదు. ట్రాలీ ఆటో పిలిపించి ఆటోనగర్ చేర్చెను.

మేస్త్రి బండి చుట్టు ఒకసారి తిరిగి చూచెను. కొత్త సైలెన్సరును చూచి ఏమియు అనలేదు. కొత్త ఫిల్టరును చూచి ఏమియు అనలేదు. ప్లగ్గు విప్పి, కండ్లజోడు సవరించుకొని, వెలుతురు వైపునకు త్రిప్పి చూచెను. ప్లగ్గు చివరి పింగాణి సున్నము వలె తెల్లగా ఉండెను. దానిపై ఆవగింజలో పదవ వంతైనను లేని మెరుపు చుక్కలు రెండు మూడు కనబడెను.

"మాస్టారూ, ఈ మెరుపులేమో ఎరుగుదురా? మీ పిస్టను కరగి వచ్చి ఇచ్చట అంటుకొన్నది" అని ఆయన చెప్పెను.

యువకుని ముఖము పాలిపోయెను. మేస్త్రి ఆతనిని బల్లపై కూర్చుండబెట్టి టీ తెప్పించెను. ఆయన చెప్పిన విషయము సంగ్రహముగా ఇది. పెట్రోలు తనంతట తాను మండదు, గాలితో కలిసి మండును. ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్లు గాలి, తూకమున, కలిసినచో రెండును మిగులక మండిపోవును. బండి పూర్తి బలముతో లాగునప్పుడు ఇంకను కొంచెము పెట్రోలు ఎక్కువ ఉండవలెను. ఆ అదనపు పెట్రోలు ఆవిరియగుచు లోపలి వేడిని కొంత గ్రహించును. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైనచో వేడి మితిమీరును. పిస్టను అల్యూమినియముది, సిలిండరు పోతయినుముది. ఒకే వేడికి అల్యూమినియము ఇనుముకంటె రెట్టింపు వ్యాకోచించును. సిలిండరు అంత త్వరగా విడలుపు కాలేదు, పిస్టను ఉబ్బి దానిని పట్టుకొనును. కంచికచర్ల వద్ద జరిగినది అదియే.

"నేను మార్చినది ఇంజను భాగములే గదా, పెట్రోలును తగ్గింపలేదే?" అని యువకుడు అడిగెను.

"గాలిని పెంచితిరి గదా! పులుసులో నీళ్లు పోసి, ఉప్పు తగ్గింపలేదు గదా అన్నట్లున్నది" అని మేస్త్రి నవ్వెను. కార్బ్యురేటరులో పెట్రోలును పైకి లాగునది గాలి వేగమే. గొట్టము సన్నబడిన చోట గాలి పరుగెత్తును, అచ్చట పీడనము తగ్గును, క్రిందనున్న పెట్రోలు సన్నని జెట్టు రంధ్రము గుండ పైకి చిమ్మును. గొట్టమును వెడల్పు చేసినచో వేగము తగ్గును. ఫిల్టరు పెట్టెను తీసివేసినచో గాలికి అడ్డు తొలగి చూషణము బలహీనపడును. సైలెన్సరు ఖాళీయైనచో ఇంజను మరింత గాలిని మ్రింగును. మూడు మార్పులును ఒకే వైపునకు త్రాసును వంచినవి. జెట్టు మాత్రము దుకాణములో వచ్చినదే. వారు త్రిప్పిన స్క్రూ బండి నిలిచియున్నప్పటి మిశ్రమమును మాత్రమే సవరించును, పూర్తి వేగమునకు దానితో సంబంధము లేదు. ఆక్సిలరేటరు కొద్దిగా తెరచినప్పుడు పైలట్ జెట్టు, సగము తెరచినప్పుడు సూది, మూడువంతులు మించినప్పుడు మెయిన్ జెట్టు, ఇట్లు ఒక్కొక్కరు ఒక్కొక్క వేళకు కాపలా కాయుదురు. పగటి కాపలావానిని మందలించి రాత్రి దొంగతనము ఆపగలమా?

ఇందు మరియొక చిక్కు కూడ కలదు. అది మేస్త్రి బాల్యములో లేనిది. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఎథనాలు కలుపుట సర్వసాధారణమైనది. ఎథనాలునకు గాలి తొమ్మిది పాళ్లు చాలును. అందుచే ఈ మిశ్రమ ఇంధనమునకు 14.7 గాక సుమారు 13.5 పాళ్ల గాలియే సరిపోవును. 1994 నాటి పెట్రోలునకు అమర్చిన జెట్టుతో నేటి ఇంధనమును మండించినచో, ఏ మార్పును చేయకున్నను బండి కొంత ఆకలితోనే నడచును. పైగా ఎథనాలునకు ఆ గులకరాళ్ల చప్పుడును అణచు గుణము కలదు. అది మేలే. కాని చెవినే నమ్ముకొన్నవానికి హెచ్చరిక కొంత ఆలస్యముగా అందును.

మరునాడు మేస్త్రి సిలిండరు విప్పెను. పిస్టను అంచున రెండు గీతలు పడినవి గాని ప్రాణము పోలేదు. సన్నని రాతితో వానిని నునుపు చేసెను. పిస్టనునకు సిలిండరునకు నడుమ ఎడము సరిగానే యున్నదో లేదో కొలిచెను. బోరింగు బిగువుగా చేసియుండినచో తప్పు మిశ్రమముది కాకపోవచ్చును గదా. ఎడము సరిగానే యుండెను. వాల్వుల సందు చూచెను. కార్బ్యురేటరు ఇంజనును కలియు చోట సబ్బునీరు చిమ్మి, దొంగగాలి లోనికి పోవుటలేదని తేల్చుకొనెను. "కుండకు చిల్లి ఉన్నదో లేదో చూడక నీళ్లు చాలలేదనరాదు" అని ఆయన సిద్ధాంతము. ట్యూనింగు పేరిట డబ్బు పోగొట్టుకొనువారిలో పలువురి బండ్లకు కావలసినది ట్యూనింగు కాదు, ఒక రబ్బరు వాషరు.

మెయిన్ జెట్టు రెండు నంబర్లు పెద్దది వేసి, ఒక తెల్లవారుజామున ఆయనయే బండిని నడిపి, వేగముననుండగనే క్లచ్చి నొక్కి ఇంజను ఆపి, రోడ్డు ప్రక్కన ప్లగ్గు విప్పి చూచెను. తెలుపు తగ్గెను. సూదిని ఒక గాడి పైకి ఎత్తెను. సగము ఆక్సిలరేటరు వద్ద బండి వెన్నవలె సాగెను. యువకునికి ప్రాణము లేచివచ్చెను. "ఇక తీసికొనిపొండు" అను మాటకై ఆతడు ఎదురుచూచెను.

మేస్త్రి ఆ మాట అనలేదు. గుడ్డతో చేతులు తుడుచుకొనుచు చాలసేపు ఊరకుండెను.

"మాస్టారూ, నిలిచియున్నప్పుడు ఈ బండి సరిగానున్నదని నేను పూచీ పడుదును. సగము వేగమునకును పూచీ పడుదును. అమ్మగారిని ఎక్కించుకొని ఘాట్ ఎక్కునప్పుడు, పది నిమిషములు వరుసగా పూర్తి బరువు పడినప్పుడు, లోపల ఏమి జరుగునో నాకు తెలియదు. దానిని పరీక్షించుటకు అంత వేగముతో నలుగురు నడచు రోడ్డుపై పోరాదు. పైగా కంప్రెషను పెంచిన పిస్టను వేసితిరి. స్పార్కు ఎప్పుడు పడవలెనో కొత్తగా నిర్ణయింపవలెను. అది నా చెవికి అందదు. యంత్రముపై పెట్టించవలెను."

ఏబదియేండ్లుగా చెవితోనే బండ్లను బాగుచేసిన మనిషి నలుగురు కుర్రవాండ్ర యెదుట ఆ మాట అనుట సులభము కాదు. ప్రక్కదుకాణములోనివారు తలలు త్రిప్పి చూచిరి. ఆ పిల్లలలో ఒకడు నవ్వబోయి, మేస్త్రి ముఖము చూచి మానుకొనెను.

అయితే యంత్రమునకు పోవుటకు ముందు ఒక షరతు పెట్టెను. ఏ భాగములు ఉంచుకొందురో ముందుగా నిర్ణయించుకొనవలెను. రేపు తీసివేయబోవు సైలెన్సరునకు ఈనాడు ట్యూనింగు చేయించుట, ఊరు మారబోవువాడు ఇంటికి సున్నము వేయించినట్లే. 1988 మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను ప్రకారము, తయారీదారు ఇచ్చిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 175 సి.సి. మించిన మోటారు సైకిళ్లకు చప్పుడు 80 డెసిబెల్సు దాటరాదను నిబంధన వేరుగా కలదు. చట్టము మాట అటుంచినను, కార్తిక మాసమున శివదర్శనమునకు పోవు తల్లి చెవులు ఆ చప్పుడుతో దిబ్బళ్లు పడవలెనా? యువకుడు పాత సైలెన్సరును, ఫిల్టరు పెట్టెను అటకపైనుండి దింపించెను. పిస్టను, కార్బ్యురేటరు మాత్రము ఉండనిచ్చెను.

ఆటోనగర్ నుండి హైదరాబాదు పోవు లారీలకు కొరత లేదు. ఒకదానిలో బండిని ఎక్కించిరి. మేస్త్రి తానును వచ్చెదననెను. "ఆ యంత్రమును నేనింతవరకు చూడలేదు" అని మాత్రము కారణము చెప్పెను.

ఇంజను బలమును కొలుచుట నేటి విద్య కాదు. జేమ్స్ వాట్ ఒక గుఱ్ఱపు బలమును నిమిషమునకు 33,000 అడుగు-పౌండ్లుగా నిర్ణయించెను. 1821లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు గాస్పార్డ్ ద ప్రోనీ, తిరుగు ఇరుసును బ్రేకుతో బిగించి, అది చూపు ఒత్తిడిని తూచి, బలమును లెక్కకట్టు సాధనమును కనిపెట్టెను. నేటి డైనమామీటరు దాని మనుమడే. బండి వెనుక చక్రమును ఒక బరువైన డ్రమ్ముపై నిలుపుదురు. ముందు చక్రమును బిగించి కట్టుదురు. విద్యుదయస్కాంతపు బ్రేకు ఆ డ్రమ్మును ఎంత కావలసిన అంత గట్టిగా పట్టును. అందుచే బండి కదలకుండగనే ఘాట్ రోడ్డు ఎక్కును. సైలెన్సరులోనికి పెట్టిన ఆక్సిజను సెన్సరు, పొగను పరీక్షించి, పెట్రోలునకు గాలి సరిపోయెనా, మిగిలెనా అను సంగతిని క్షణక్షణము అంకెలలో చెప్పును. 1 అన్నచో సరి. అంతకు మించినచో గాలి ఎక్కువ, తగ్గినచో పెట్రోలు ఎక్కువ.

ఆ యంత్రమును నడుపునది ఒక యువతి. మేస్త్రి తన ఆశ్చర్యమును దాచుకొనలేకపోయెను. ఆయనకు తెలియదు గాని, కార్బ్యురేటరు చరిత్రలో ఒక ప్రసిద్ధమైన మరమ్మతు స్త్రీ చేసినదే. బీట్రిస్ షిల్లింగ్ (1909-1990) అను ఆంగ్ల ఇంజనీరు 1934లో బ్రూక్‌లాండ్స్ పందెపు బాటపై నార్టన్ మోటారు సైకిలును గంటకు 106 మైళ్ల వేగముతో నడిపెను. రెండవ ప్రపంచ యుద్ధములో బ్రిటిషు యుద్ధవిమానములు ముక్కు క్రిందికి దించి దూకినప్పుడు, కార్బ్యురేటరులో పెట్రోలు అటునిటు ఎగిరి, ఇంజను తడబడి ఆగిపోవుచుండెను. శత్రువు వెంటపడినవేళ అది ప్రాణాంతకము. 1941లో షిల్లింగ్ పెట్రోలు దారిలో ఒక చిన్న ఇత్తడి బిళ్లను అమర్చి, లెక్కగట్టిన రంధ్రము గుండ కావలసినంత పెట్రోలు మాత్రమే పోవునట్లు చేసెను. విమానము విప్పనక్కరలేదు, ఇంజను మార్చనక్కరలేదు. ఒక బిళ్ల చాలినది. పైలట్లు ఆమెకు మ్రొక్కిరి. మేస్త్రి చేతిలోని జెట్టు ఆ బిళ్లకు దగ్గరి చుట్టమే.

వీరికి ముందు అచ్చట ఒక కొత్త మోటారు సైకిలు ఉండెను. దాని యజమాని సైలెన్సరు చివరి గొట్టమును మాత్రము మార్చి, కంప్యూటరు పట్టికను కూడ మార్చవలెనని వచ్చెను. ఆ యువతి దానిని ఒకసారి నడిపి చూచి, "మీకు అవసరము లేదండి" అని పంపివేసెను. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజ్ 6 నిబంధనల పిమ్మట వచ్చిన బండ్లలో చాలవరకు పెట్రోలును కొలిచి చిమ్మునది కంప్యూటరు. సాధారణపు నడకలో అది పొగను తానే పరీక్షించుకొని చిన్న మార్పులను సర్దుకొనును. అయితే పూర్తి ఆక్సిలరేటరు వద్ద అది పరీక్షను మాని, ముందుగా వ్రాసియుంచిన పట్టికనే అనుసరించును. కనుక క్యాము, పిస్టను, సిలిండరు మార్చినచో పట్టికను తిరిగి వ్రాయింపక తప్పదు. చివరి గొట్టము మార్చినందుకు అక్కరలేదు. వచ్చిన బేరమును వదలుకొన్న ఆ అమ్మాయిపై మేస్త్రికి అప్పుడే గౌరవము కలిగెను.

బుల్లెటు డ్రమ్ముపైకెక్కెను. పావు ఆక్సిలరేటరు, సగము ఆక్సిలరేటరు: తెరపై గీత సరియైన చోటనే నడచెను. "ఇంతవరకు ఎవరు సవరించిరి, తాతగారూ?" అని ఆ యువతి అడిగెను. మేస్త్రి సమాధానము చెప్పక కండ్లజోడు తుడుచుకొనెను. బ్రేకు బిగించి, ఆక్సిలరేటరు పూర్తిగా తెరచునప్పటికి గీత పైకి లేచి 1ని దాటిపోయెను. ఆమె వెంటనే బండిని ఆపెను. అంత బరువులో అర్ధనిమిషమైన చాలు, లోపల ముప్పు మొదలగును.

మెయిన్ జెట్టు మరి రెండు నంబర్లు పెరిగెను. గీత 0.87 వద్దకు దిగివచ్చెను. తరువాత స్పార్కు. కంప్రెషను పెరిగిన ఇంజనులో మంట త్వరగా వ్యాపించును, కనుక స్పార్కు కొంచెము ఆలస్యముగా పడవలెను. పాయింట్ల పలకను వెంట్రుకవాసి త్రిప్పుచు, ఒక్కొక్కసారి నడిపి చూచిరి. రెండు డిగ్రీలు వెనుకకు జరపగా గులకరాళ్ల చప్పుడు పూర్తిగా మాయమయ్యెను. బలము మాత్రము రవంతయు తగ్గలేదు. మేస్త్రి ఆశ్చర్యపోయి మరల చేసి చూపుమనెను. ఆమె చూపెను. ఆయన మూడవసారియు చూపుమనెను. ఏబదియేండ్లుగా "ముందుగా పడిన స్పార్కే బలము" అని ఆయన నమ్మియుండెను. ఆ నమ్మకము ఆయన కండ్లయెదుట ఒక గీతగా మారి చదునైపోయెను.

ఖాళీ సైలెన్సరును కూడ ఒకసారి బిగించి చూతమని యువకుడు కుతూహలపడెను. ఆమె బిగించి చూచెను. చప్పుడుకు గోడలు అదిరినవి. బలపు గీతలు రెండును ఒకదానిపై నొకటి పడి, ఏది దేనిదో గుర్తుపట్టరాకుండెను.

అన్నిటికిని అయిన ఖర్చు ఆతని నెలజీతములో నాలుగవవంతు. దుకాణములో కొన్న భాగముల ఖరీదు దానికి మూడురెట్లు. ఈ లెక్కను ఆతడు ఇంటివద్ద ఎవరికిని చెప్పలేదు.

కార్తిక మాసమున ఒక తెల్లవారుజామున తల్లీకొడుకులు బయలుదేరిరి. దోర్నాల దాటి నల్లమల అడవిలోనికి ప్రవేశించుసరికి ఎండ చురుక్కుమనుచుండెను. మలుపులు మొదలైనవి. బరువుతో బండి రెండవ గేరులోనికి దిగి నెమ్మదిగా ఎక్కసాగెను. యువకుని ఎడమచేతి వ్రేళ్లు రెండు క్లచ్చిపైననే ఉండెను. చెవులు రిక్కించి వినుచుండెను. ఇంజను ఒకే శ్రుతిలో మ్రోగుచుండెను. శిఖరేశ్వరము చేరువకు వచ్చినప్పుడు తల్లి ఆతని భుజము తట్టెను.

"ఏమమ్మా, ఆపవలెనా?"

"వద్దు నాయనా, పోనిమ్ము. మీ నాన్నగారు నడిపినప్పుడును ఇదే చప్పుడు" అని ఆమె అనెను.

దర్శనమయిన పిమ్మట సత్రము వాకిట ఆతడు ప్లగ్గు విప్పి చూచుచుండగా ఫోను మ్రోగెను. ఆటోనగర్ నుండి మేస్త్రి.

"చేరితిరా, మాస్టారూ? అమ్మగారు కులాసాయేనా? సరే, రంగేమి?"

"కాఫీపొడి రంగు, మేస్త్రిగారూ."

"పాలు కలిపినదా, కలపనిదా?"

యువకుడు ప్లగ్గును వెలుతురునకు త్రిప్పి మరల ఒకసారి చూచెను. "కలిపినదే" అని చెప్పెను.

"అయితే ఆ జెట్టు నంబరు నాకు చెప్పుడు" అని మేస్త్రి అనెను. ఫోనులో సుత్తిదెబ్బల నడుమ కాగితము త్రిప్పుచున్న చప్పుడు, పెన్సిలు ఎక్కడరా అని పిల్లవానిపై కేక వినబడినవి.